కౌన్సిల్ బల్లెక్కిన పప్పుగుత్తి

నేను ఒక పప్పుగుత్తిని. పేరు వినగానే మూతి తిప్పకండి. ఇంగ్లాండులో ఒక జిల్లా కౌన్సిల్‌ని ఒక మధ్యాహ్నమంతా అదుపులో పెట్టినదాన్ని నేను. కోట్లు తొడుక్కున్న ముప్ఫై మంది పెద్దమనుషులు నా చప్పుడుకి మాట మింగేశారు. మీ ఇంట్లో పప్పుగుత్తికి ఇలాంటి భోగం ఎప్పుడైనా పట్టిందేమో అడిగి చూడండి.

పుట్టింది బొబ్బిలి దగ్గర ఓ పల్లెలో. పనస చేవ నాది. బంగారయ్య అనే వడ్రంగి, భార్య తాడు లాగుతుంటే గిర్రున తిరిగే తరిమెన మీద నన్ను మలిచాడు. తలకి నిలువు గాట్లలా ఎనిమిది గాళ్లు తీశాడు. సంతలో మా యజమానురాలు పైడమ్మ వాళ్లమ్మ నన్ను చేత్తో తూచి, గిన్నెలో తిప్పినట్టు గాల్లో తిప్పి చూసి మరీ కొన్నది. పైడమ్మకి ఇంగ్లాండు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు చీరల మధ్య కుక్కి పంపింది.

అక్కడ విమానం దిగగానే నన్ను పెట్టెలోంచి బయటికి లాగి ఒకాయన గుచ్చి గుచ్చి చూశాడు. "ఇది ఆయుధమా?" అన్నాడు. పైడమ్మ వెనక నిలబడ్డ మొగుణ్ణి చూపించి, "ఈయన మీదికైతే అవునండీ" అంది. ఆ మొగుడే సన్యాసిరావు. నవ్వుతూ వదిలేశారు. అలా ఆల్డర్‌విక్ అనే చిన్న పట్నంలో కాపురం పెట్టాం. పైడమ్మ ఆసుపత్రికి, సన్యాసిరావు జిల్లా కౌన్సిల్ భవనానికి. అక్కడ ఆయన పని తలుపులు తియ్యడం, కుర్చీలు వెయ్యడం, మీటింగు రోజున మంచినీళ్ల కూజాలు పెట్టడం.

ఇంగ్లాండులో ఒక మంచి అలవాటు ఉంది. పెరడు లేనివాళ్లు కూరలు పండించుకోడానికి కౌన్సిలే ఊరి మధ్య నేలని మడులుగా కోసి అద్దెకిస్తుంది. పైడమ్మకి పదిహేడో నంబరు మడి వచ్చింది. వచ్చిన రోజున అందులో ముళ్లకంపా, పగిలిన సీసాలూ తప్ప ఏమీ లేవు. పదకొండేళ్లు ఆ నేలని సాకింది. డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే పోయేది. రాలిన ఆకులూ, గుర్రాలశాల పెంటా, వంటింటి తొక్కలూ అన్నీ అక్కడికే. ప్లాస్టిక్ గుడ్డ కింద గోంగూర మొలిపించింది! ఆ చలిదేశంలో మొదటిసారి గోంగూర పప్పు ఎనిపిన రోజున నా ఒళ్లు పులకరించిందంటే నమ్మండి.

అలాంటి నేలమీద కౌన్సిల్ కన్ను పడింది. బజారుకి వచ్చేవాళ్ల కార్లకి చోటు చాలడం లేదు, మడులన్నీ చదును చేసి కార్‌పార్క్ కడదాం, మడులవాళ్లకి ఊరవతల పెద్దరోడ్డు పక్కన "సమానమైన" నేల ఇద్దాం అని కాగితం తయారైంది. కాగితం వెనక ఉన్నది క్లైవ్ బార్‌స్టో, కౌన్సిల్‌లో పెద్ద పార్టీకి నాయకుడు. మార్చి మొదటి మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఓటింగు.

ఆ రోజు పొద్దున్న మా ఇంట్లో జరిగింది చెప్తాను, మొత్తం కథ అక్కడే మొదలైంది. కౌన్సిల్ అధ్యక్షురాలు బల్లమీద కొట్టే చెక్క సుత్తి ఒకటి ఉండేది. కిందటి మీటింగులో దాని తల ఊడిపోయి వెళ్లి నీళ్లకూజాలో పడింది. సన్యాసిరావు దాన్ని ఇంటికి తెచ్చి, జిగురు పెట్టి, బిగుతుగా తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన ఆరబెట్టాడు. అదే పొయ్యి పక్కన నేనూ తువ్వాలులోనే ఉన్నాను. కడిగిన చెక్క పగలకుండా పైడమ్మ నన్ను ఎప్పుడూ అలాగే చుడుతుంది. తువ్వాళ్లు రెండూ ఒక జతవే. సన్యాసిరావు గబగబా ఒకటి సంచిలో పడేసుకుని బయల్దేరాడు. ఆ ఒకటీ నేనే.

రెండయ్యేసరికి హాలు కిక్కిరిసింది. మెళ్లో బంగారు గొలుసుతో అధ్యక్షురాలు హిల్డా థ్రెల్‌ఫాల్ రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఒకప్పుడు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, డెబ్భై ఏళ్లు, బార్‌స్టో పార్టీయే. కూర్చుని, సన్యాసిరావు బల్లమీద పెట్టిన తువ్వాలు విప్పింది.

నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ నన్ను చూసింది. ఇంగువ వాసన గుప్పున కొట్టి ఉంటుంది, ముక్కు ఒకసారి అదిరింది. తలుపు దగ్గర సన్యాసిరావు మొహం పిండి జల్లినట్టు తెల్లబడింది. వెనక వరసలో కూర్చున్న పైడమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హిల్డా ఒక్క క్షణం ఆలోచించి నన్నెత్తి "డబ్!" మని కొట్టింది. సభ మొదలు!

బార్‌స్టో లేచాడు. "మేడమ్ ఛైర్మన్, ఒక అభ్యంతరం. వంటింటి వస్తువుతో సభని ప్రారంభించడం మన నిబంధనలకి లోబడే ఉందా?"

హిల్డా పక్కన కూర్చున్న కౌన్సిల్ న్యాయాధికారి లావుపాటి నిబంధనల పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పాడు. "సభని సుత్తితో అదుపు చెయ్యాలని ఉంది గానీ, మేడమ్ ఛైర్మన్, సుత్తి అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు" అన్నాడు.

"అయితే ఈ పూటకి ఇదే సుత్తి" అంది హిల్డా, ఇంకోసారి కొట్టి. హాలంతా నవ్వు. నా గాళ్లలో గాలి దూరినట్టయింది!

తర్వాత స్వప్రయోజనాల ప్రకటన అని ఒక తంతు జరిగింది. చర్చకొచ్చే విషయంలో ఎవరికైనా సొంత లాభం ఉంటే ముందే చెప్పి బయటికి వెళ్లిపోవాలట. ఓవెన్ అనే కౌన్సిలర్‌కి తొమ్మిదో నంబరు మడి ఉంది. మడుల పక్షాన గట్టిగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే. లేచాడు, తన మడి సంగతి చెప్పాడు, టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

పైడమ్మ ఉండబట్టలేకపోయింది. గోడవారగా దగ్గరికొచ్చిన మొగుడి చెయ్యి పట్టుకుని గొణిగింది. "ఏటయ్యా ఇది? మడున్నోడు బయటికెలిపోతే మడి గురించి ఎవుడు మాటాడతాడు?"

"ఈల రూలంతేనే. లాబమున్నోడు ఉండకూడదంట."

"మరి కారున్నోలందరూ కూకున్నారు కదా?"

సన్యాసిరావు హాలంతా ఒకసారి కలయజూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఇది విడ్డూరంగానే ఉంది. మా ఊళ్లో చేను తగువైతే చేనువాడి గొంతే ముందు లేచేది. ఇక్కడ చేనువాణ్ణి వసారాలో నిలబెట్టి చేను సంగతి తేలుస్తారు.

"ఇంతకీ నువ్వేటి సేసినావో తెలస్తందా?" అంది పైడమ్మ, కళ్లతో నన్ను చూపించి.

"సూసినాను. నన్ను సంపేయకు. ముందు నీ మాట సూసుకో, నీకు మూడే నిమసాలు."

ప్రజల్లో ఎవరైనా ముందుగా పేరిచ్చుకుంటే మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. గోడమీద దీపం ఎర్రబడగానే ఆపేయాలి. పైడమ్మ పేరు పిలిచారు. లేచి మైకు ముందుకొచ్చింది. చేతిసంచిలోంచి రెండు ఊరగాయ సీసాలు తీసి బల్లమీద పెట్టింది. రెండింట్లోనూ మట్టి.

"నాకు ఉపన్యాసాలు రావండీ" అంది తనకొచ్చిన ఇంగ్లీషులో. "మీ కాగితంలో సమానమైన నేల అని రాశారు. మొన్న శనివారం పార పట్టుకుని అక్కడికి వెళ్లాను. నాలుగు అంగుళాలు దిగగానే ఇటుకముక్కలు తగిలాయి. ఈ సీసాలో ఉన్నది ఆ మట్టి. ఇది నా మడిలోది. రెండూ సమానమో కాదో కళ్లు మూసుకుని వేలు పెట్టి చెప్పండి చాలు."

బార్‌స్టో నవ్వాడు. "మట్టే కదమ్మా, లారీలతో తోలిస్తాం."

"తోలించండి. నాకు వానపాములు కూడా తోలిస్తారా? నా మడిలో ఎన్నున్నాయో కాగితంలో రాశారా? పదకొండేళ్లు మేపానండీ వాటిని. నేను నర్సుని. మనిషికి కొత్త చెయ్యి అతికించేటప్పుడు కూడా, దానికి ప్రాణం పోసే రక్తం ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూస్తాం."

దీపం ఎర్రబడింది. ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. రూలు రూలే. సీసాలు చేతులు మారుతూ బల్లలన్నీ తిరిగాయి. కొందరు మూత తియ్యకుండానే పక్కకి జరిపారు. ఒకాయన రుమాలుతో పట్టుకున్నాడు. చివరికి అధ్యక్షురాలి దగ్గరికి వచ్చాయి. హిల్డా ముందు దీన్లో, తర్వాత దాన్లో వేలు పెట్టింది. పదిహేడో నంబరు మట్టిని బొటనవేలితో నలిపి, వాసన చూసింది. ఆ చేత్తోనే మళ్లీ నన్ను పట్టుకుంది. నా కాడకి ఆ మట్టి అంటుకుంది. ఇంటివాసన వచ్చినట్టనిపించింది నాకు.

చర్చ గంటన్నర నడిచింది. ఎంత వేడిగా తిట్టుకున్నా "గౌరవ సభ్యులు" అనకుండా తిట్టుకోరు వీళ్లు. నాకు చేతినిండా పని దొరికింది. అటు డబ్, ఇటు డబ్! ఓటింగు దగ్గరికొచ్చేసరికి ముప్ఫై మందిలో ఓవెన్ వసారాలో ఉన్నాడు, అధ్యక్షురాలు తన అలవాటు ప్రకారం మొదటి విడతలో చెయ్యెత్తలేదు. మిగిలింది ఇరవై ఎనిమిది.

"కార్‌పార్క్‌కి అనుకూలంగా?" చేతులు లేచాయి. గుమాస్తా లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"వ్యతిరేకంగా?"

ఒకటి, రెండు... నా తల గిర్రున తిరుగుతోంది! పన్నెండు, పదమూడు. రుమాలాయన అటూ ఇటూ చూసి, రుమాలుతో సహా చెయ్యెత్తాడు. పద్నాలుగు!

హాలంతా గోల. హిల్డా నన్ను ఒక్కటి వేసింది. అందరూ గప్‌చుప్. సమానమైతే తేల్చే ఓటు అధ్యక్షురాలిది. ఆ ఓటు ఎటు వేసుకున్నా చట్టం అడ్డు చెప్పదు.

బార్‌స్టో కుర్చీలో వెనక్కి వాలాడు, పని అయిపోయిందన్నట్టు. వాళ్ల మనిషే కదా. పైగా మే నెలలో అధ్యక్ష పదవికి మళ్లీ ఎవరి పేరు చెప్పాలో ఆయన చేతిలోనే ఉంది. పైడమ్మ కొంగు మెలిపెడుతోంది. ఇదంతా దూరం నుంచి చూసిన సంగతి. దగ్గర సంగతి నాకే తెలుసు. హిల్డా అరచెయ్యి చెమటతో తడిసిపోయి, నా కాడ మీది మట్టి బురదయింది. పైకి మాత్రం కొయ్యబొమ్మలా కూర్చుంది.

"నేనీ కుర్చీలో ఆరేళ్లుగా ఉన్నాను" అంది చివరికి. "సొంతంగా అడిగితే ఊరికి కార్‌పార్క్ కావాలనే అంటాను. పోయిన నెల పత్రికకి అదే చెప్పాను."

పైడమ్మ కళ్లు మూసుకుంది.

"కానీ ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఒక పాత ఆచారం ఉంది. మార్పు కావాలన్నవాళ్లు ఒక్క ఓటుతోనైనా నెగ్గి చూపించాలి. నెగ్గలేకపోతే ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఆ లోటు నేను పూడ్చకూడదు."

"హిల్డా!" అన్నాడు బార్‌స్టో. మేడమ్ ఛైర్మన్ అనడం కూడా మర్చిపోయాడు.

"ఇంకొక మాట, గౌరవ సభ్యులకి. ఆ రెండు సీసాలూ సమానం కావు. నా ఓటు వ్యతిరేకంగా. తీర్మానం వీగిపోయింది!"

అని నన్ను ఎత్తిందీ... ఆరేళ్ల ఓర్పంతా ఆ దెబ్బలో పెట్టింది కాబోలు, "ఫట్!" మంది. నా తల రెండు చెక్కలై, ఒకటి న్యాయాధికారి పుస్తకం మీద, ఒకటి బార్‌స్టో ఒళ్లో పడింది. నొప్పా? ఆ కేకల్లో, ఆ చప్పట్లలో నొప్పి ఎవరికి తెలుస్తుంది! తలుపు తీసి సన్యాసిరావు వసారాలోకి అరిచాడు: "రండి సార్, మడి బతికింది!" ఓవెన్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. పైడమ్మ ఏడుస్తూ నవ్వుతూ మొగుడి వీపుమీద గుద్దింది. "నా పప్పుగుత్తిని సంపేసినావు కదరా సన్నాసీ!"

అంత జరిగితే అచ్చయిన మీటింగు మినిట్స్‌లో ఒక్క వాక్యం: "ఛైర్మన్ నిర్ణాయక ఓటుతో తీర్మానం తిరస్కరించబడినది." నా పేరు లేదు. మనుషులు రాసుకునే చరిత్ర ఇలాగే ఉంటుంది, నేనేమీ అనుకోను.

మే నెలలో ఓటింగు పెట్టి, హిల్డా మెడలోంచి గొలుసు తీసి ఇంకొకరికి వేశారు. బార్‌స్టో చప్పట్లు కొట్టాడు, గట్టిగానే. ఆ తర్వాతి ఆదివారం, మోకాళ్ల దాకా రబ్బరుబూట్లు వేసుకుని, ఆవిడ పదిహేడో నంబరు మడి గట్టుమీద నిలబడి ఉంది. మడి కోసం దరఖాస్తు పెట్టిందట, జాబితాలో ముప్ఫై ఆరో పేరు తనది. అంతవరకూ ఊరికే చూసి పోతానంది.

"సూడ్డమేటమ్మా, వొంగండి" అంది పైడమ్మ తెలుగులోనే. నవ్వి, తల లేని నన్ను ఆవిడ చేతిలో పెట్టింది. నేనిప్పుడు విత్తనాలకి గుంటలు పొడిచే కర్రని. పప్పు మాట మర్చిపోయాను. మట్టి మాట నేర్చుకుంటున్నాను.

హిల్డా వంగి, నన్ను నేలలో గుచ్చింది. మెత్తగా, చల్లగా, పిడికిలి దాకా దిగిపోయాను. అడుగున ఓ వానపాము నన్ను ఒరుసుకుంటూ పోయింది.

"లోతెక్కువైంది, మేడమ్ ఛైర్మన్" అంది పైడమ్మ.

"నేను ఛైర్మన్‌ని కాదు కదా ఇప్పుడు" అంది హిల్డా.

"ఈ మడిలో మిమ్మల్ని దించే ఓటింగు ఇంకా అవలేదండీ" అని, గుంటలోకి రెండు గింజలు విదిల్చింది పైడమ్మ.