పదకొండు ప్రశ్నల పేజీ

"ఏదీ, ఒక్కటి చూపించు."

అప్పటికి ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు దాటి భుజం మీదికి వచ్చింది. భర్త గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. గొంతు పెంచలేదు. పెంచితేనే నయం, ఏం రాబోతోందో తెలుస్తుంది.

"మూడు లింకులు పంపమన్నారుగా వాళ్ళు. నువ్వు రాసినవాటిలో ఒక్కటి తెరిచి చూపించు చాలు. నేనే కారులో తీసుకెళ్ళి ఆ ఆఫీసులో దింపి వస్తాను."

ఆ మెయిల్ సంగతి ఆమె అతనికి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆమెకు వచ్చే ప్రతి మెయిలూ అతని ఫోన్లోనూ తెరుచుకుంటుంది. పెళ్ళైన కొత్తలో "మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేంటి" అని నవ్వుతూ పాస్‌వర్డు అడిగాడు. ఆమె కూడా నవ్వుతూనే చెప్పింది. అతనిది అడగాలని అప్పుడు తోచలేదు. తోచే నాటికి అడిగే ధైర్యం పోయింది.

"నిన్న నేనూ వెతికాను," అన్నాడు లేసు బిగిస్తూ. "నెట్‌లో నువ్వు లేనేలేవు. పాపం, వాళ్ళ టైమెందుకు వేస్టు చేయడం? ఇష్టం లేదని రాసెయ్. నీకు మొహమాటమైతే సాయంత్రం వచ్చాక నేనే రాస్తాను, నీ పేరుతోనే."

లేచి నిలబడి, తొడుక్కున్న చొక్కా చేతిని వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. "మడత అలాగే ఉంది," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక గాని ఆమె ఇస్త్రీపెట్టె కింద పెట్టలేదు.

పాపని అప్పటికే స్కూలు బస్సు ఎక్కించింది. గిన్నెలు కడగాలి, ఆరేసిన బట్టలు తీయాలి, సగం బుట్ట ఇస్త్రీ ఇంకా మిగిలే ఉంది. అవన్నీ వదిలేసి భోజనాల బల్ల దగ్గర కంప్యూటరు ముందు కూర్చుంది. ఉద్యోగం కోసం ఆమె రాసుకున్న ఆ ప్రకటనల సంస్థ లింకులు పంపడానికి నాలుగు గంటల దాకా గడువిచ్చింది. పాప కడుపులో పడినప్పుడు మానేసిందీ ఇలాంటి ఉద్యోగమే. "కాస్త పెద్దయ్యేదాకా" అన్నారు అత్తగారు. ఎంత పెద్దయితే కాస్త పెద్దయినట్టో ఎవరూ చెప్పలేదు. పాపకిప్పుడు ఏడేళ్ళు.

ఆ రోజుల్లో ఆఫీసులో ఆమెని అందరూ 'కామా' అనేవాళ్ళు. ఒక్క కామా కోసం డైరెక్టరుతో గంటసేపు పోట్లాడిందని ప్రోగ్రామరు పెట్టిన పేరు అది. ఆమె రాసినవి మామూలు ప్రకటనలు కావు. చూసేవాళ్ళు నొక్కితే కదిలేవి, అడిగితే పలికేవి. గొడుగుల కంపెనీకి ఒక అమ్మాయి బొమ్మ ఉండేది. వానలో నడుస్తూ, మీరేం అడిగితే దానికి జవాబు చెప్పేది. మూడువందల జవాబులు, అన్నీ ఆమె రాసినవే. "నాతో పెళ్ళికి ఒప్పుకుంటావా" అని అడిగినవాళ్ళకి "ముందు గొడుగు మడవడం నేర్చుకో" అనేది ఆ బొమ్మ. పరుపుల కంపెనీకి చేసిన దాంట్లో మీ దిగులేమిటో రాస్తే దానికి తగ్గ చిన్న కథ వచ్చేది. జనం ఆ కథల్ని ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. రాసిందెవరో ఎక్కడా ఉండేది కాదు, ప్రకటనకి ఎవరు పేరు వేస్తారు?

గొడుగుల లింకు కొట్టింది. ఈ చిరునామా అమ్మకానికుంది అని వచ్చింది. పరుపుల లింకు కొడితే పేకాట సైటు తెరుచుకుని డప్పుల మోత మోగింది. ఉలిక్కిపడి మూసేసింది. రంగుల కంపెనీది తెల్ల పేజీ, అంతే. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తెలుపే. తన దగ్గరున్న కాపీలు పాత లాప్‌టాప్‌లో ఉండేవి. ఒకరోజు ఆమె స్నానం చేసి వచ్చేసరికి అతను దాన్ని తుడిచిపెట్టేశాడు. "చెత్తంతా తీసేశాను, ఇప్పుడు చూడు ఎంత స్పీడుగా ఉందో," అన్నాడు. ఆ తర్వాత వాళ్ళ చెల్లెలికి ఇచ్చేశాడు. అప్పుడు ఆమె ఏడవలేదు. ఎప్పుడైనా చూసుకోవచ్చు, నెట్‌లో ఉన్నాయిగా అనుకుంది.

తెల్ల పేజీ ముందు కూర్చుంటే సందేహం వచ్చింది. అతను చెప్పింది నిజమేనేమో. తను ఊహించుకుందేమో. ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఎవరూ ఒప్పుకోని సంగతిని ఒక్క మనిషి ఎన్నాళ్ళని ఒంటరిగా గుర్తుపెట్టుకుంటుంది? తాళంచెవులు నువ్వే పోగొట్టావు, ఆ మాట నేనసలు అనలేదు, నీకు మతిమరుపు ఎక్కువైంది అని అతను అంటున్నప్పుడల్లా ఆమె లోపల ఒక గీత చెరుగుతూ వచ్చింది. ఇప్పుడు తను రాసిన మాటలూ లేవంటే, ఇక ఆ గీత ఇవతల మిగిలిందెవరు?

నాలుగో లింకు ఒకటుంది. దాన్ని సంస్థకి పంపాలన్న ఆలోచన లేదు. వేలు దానంతటదే కొట్టింది. ఇంట్లో భయపడుతూ బతికే ఆడవాళ్ళకోసం ఒక సహాయ సంస్థ చేయించుకున్న పేజీ అది. పదకొండు ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి తెరమీద ఒక్కో గది తెరుచుకుంటుంది, భయాన్ని చెప్పే జవాబు నొక్కితే ఆ గదిలో దీపం వెలుగుతుంది. ఏ గదిలో ఉన్నా కుడివైపు మూల ఎర్ర మీట ఒకటి ఉంటుంది. ఎవరైనా వస్తే దాన్ని నొక్కాలి. పేజీ మాయమై వాతావరణ సూచన వస్తుంది. దానికోసం ఆమె మూడు రోజులు ఆ సంస్థలో కౌన్సెలర్ పక్కన కూర్చుని, వచ్చిన ఆడవాళ్ళు చెప్పింది విని రాసుకుంది.

ఆ లింకూ తెరుచుకోలేదు.

స్కూలువాళ్ళ నోటీసు కాగితం వెనక్కి తిప్పి, ఆ ప్రశ్నల్ని గుర్తున్నంతవరకు రాయడం మొదలుపెట్టింది. తను రాసినవి తనకి గుర్తున్నాయని చేతికి తెలిస్తే చాలుననుకుంది. మీ ఫోను మీరొక్కరే చూస్తారా? మీరు అనని మాట అన్నారనీ, అన్న మాట అనలేదనీ ఎవరైనా తరచూ చెబుతారా? మీ వస్తువులు మీకు చెప్పకుండా తీసేస్తారా? అలా ఆరు రాసింది. ఏడోది కౌన్సెలర్ పట్టుబట్టి పెట్టించింది. వీధి తలుపు తాళం తిరిగే చప్పుడు వినగానే మీరేం చేస్తారు? ఇరవయ్యారేళ్ళ కామా అప్పుడు వాదించింది, "ఇది మరీ సినిమాలా ఉంది మేడం, తీసేద్దాం" అని. కౌన్సెలర్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఉంచమ్మా. అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది," అంది.

తలుపు తాళం తిరిగింది.

పదకొండున్నరకి అతనెప్పుడూ రాడు. కాగితం బోర్లా పడింది, తెరమీద ఆమె వేళ్ళు వాతావరణ సూచన తెరిచాయి, వీపు నిటారుగా అయ్యింది, మొహమ్మీదికి చిన్న నవ్వు కూడా వచ్చింది. ఇదంతా అతను గది దాటి వచ్చేలోపే. ఏ ఒక్కదాన్నీ ఆమె ఆలోచించి చేయలేదు.

"ఫైలు మర్చిపోయా," అన్నాడు. ఫైలు కోసం ఎక్కడా చూడలేదు. ఆమె వెనక్కి వచ్చి నిలబడి మెడ మీద చెయ్యి వేశాడు, మెత్తగానే. "వాన పడుతుందా?"

"సాయంత్రం పడచ్చట."

"మెడంతా చెమట పట్టింది. భయపడ్డావా ఏంటి? నేనేమన్నా దెయ్యాన్నా?" నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. "రాశావా వాళ్ళకి, వద్దని?"

"రాస్తున్నానండీ."

చెయ్యి ఇంకొంచెంసేపు అక్కడే ఉంది. తర్వాత అతను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి, కడగని గిన్నెల వైపు ఒకసారి చూసి, ఫైలు లేకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె కాగితం తిప్పింది. ఏడో ప్రశ్న కింద ఖాళీ అలాగే ఉంది. జవాబు మాత్రం ఆమె ఒళ్ళంతా ఇచ్చేసింది.

తన ఫోనుని బల్లమీదే వదిలేసి, కింది అంతస్తులో బట్టలు కుట్టే టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. "ఒక్క ఫోన్ చేసుకుంటానండీ" అంటే ఆవిడ మెషీను ఆపి, మొహం చూసి, ఏమీ అడక్కుండా ఫోనిచ్చి వరండాలోకి వెళ్ళింది. పాత ఆఫీసు ప్రోగ్రామరక్క నంబరు నోటికొచ్చు. నాలుగేళ్ళపాటు రోజుకి పదిసార్లు చేసిన నంబరు అది.

"అక్కా, నేను. కామాని."

"ఓసి నీ దుంపతెగ! బతికే ఉన్నావా? ఎనిమిదేళ్ళే తల్లీ!"

"అక్కా, ఆ పదకొండు ప్రశ్నల పేజీ నీ దగ్గరుందా? కాపీ ఏదైనా?"

"అది పోయిందే. సంస్థ మూతపడింది, సర్వరు తీసేశారు. మనం చేసినవి ఒక్కటీ మిగల్లేదు. మొన్న మా అబ్బాయికి గొడుగమ్మాయిని చూపిద్దామంటే..." ఆగింది. "ఎందుకు, ఉద్యోగానికా?"

"ఊఁ. కాదు. ఏడు దాకా గుర్తొచ్చాయి. ఆ తర్వాతవి రావట్లేదు." "ఊరికే అడిగాలే. ఆయన చెడ్డవాడేం కాదక్కా, కాకపోతే..."

అవతల పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది.

"అదే," అంది అక్క నెమ్మదిగా. "ఎనిమిదోది అదే. 'మీ ఇంటి సంగతి ఎవరికైనా చెప్పబోయేముందు, ఆయన చెడ్డవాడేం కాదు అని మొదలుపెడతారా?' నువ్వే రాశావు."

ఆమె గోడకి ఆనుకుంది. "నీకు గుర్తుందా?"

"పదకొండూ గుర్తున్నాయి. పని చేస్తోందా లేదా అని వందసార్లు నొక్కాల్సింది నేనేగా. మొదట పని కోసమే నొక్కాను. ఓ రోజు అన్ని గదుల్లోనూ దీపాలు వెలిగాయే కామా. మీరందరూ భోజనాలకి వెళ్ళారు, నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ ఏడాదే ఇల్లు వదిలి వచ్చేశా. జీతం సరిపోక వేరే ఉద్యోగం చూసుకున్నానని మీకు చెప్పాను. నీకైనా చెప్పాల్సింది, సిగ్గేసింది."

ఆ పేజీ వేలమందికి చేరిందని ఆఫీసులో కేకు కోశారు. ఆ వేలమందిలో ఒక మనిషి తన పక్క కుర్చీలో కూర్చుందని ఆమెకు తెలియదు. ఒక పేజీ పోయినా, అది చదివిన మనిషి తన ఇంట్లో, తన వంట తను వండుకుంటూ, ఫోన్లో ఊపిరి తీస్తోంది. తను రాసింది. నిజంగానే రాసింది.

"పాపని స్కూల్లో ఎన్నింటికి వదులుతారు?" అడిగింది అక్క.

"మూడింటికి."

"అంతదాకా ఆగకు. మా ఇంటి అడ్రసు రాసుకో. సర్టిఫికెట్లు, పాప కాగితాలు తెచ్చుకో. ఇంకేం సర్దకు."

"భయమేస్తోందక్కా."

"వెయ్యనీ. నాకూ వేసింది. భయపడుతూనే నడువు."

అదే ఫోన్లో నంబరు వెతికి ఆమె ప్రకటనల సంస్థకి కూడా చేసింది. లింకులు ఒక్కటీ మిగల్లేదనీ, ప్రతి వాక్యం నోటితో చెప్పగలననీ, తన పేరుతో ఏ మెయిల్ వచ్చినా నమ్మొద్దనీ చెప్పింది. అవతలి మనిషి కొంచెం తికమకపడి, "సరేనండీ, చూసి చెప్తాం," అన్నాడు. అది ఉద్యోగం ఇస్తామనడం కాదని ఆమెకు తెలుసు. అయినా వద్దని రాసే పని మాత్రం తప్పింది.

పైకి వెళ్ళి కాగితాలు తీసుకుంటున్నంతసేపూ చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి. లిఫ్టు కదిలిన ప్రతిసారీ ఆగి, అది ఏ అంతస్తులో ఆగుతుందో విన్నది. మెట్ల మీదుగా దిగింది. దారంతా పక్కన వెళ్ళే కార్ల రంగులు చూస్తూనే నడిచింది. స్కూలు ఆఫీసులో "ఇంట్లో అర్జెంటు పని" అని రాసి సంతకం పెట్టింది.

పాప బ్యాగు మోసుకుంటూ వచ్చింది. గేటు దాటాక, "అమ్మా, ఇంటికి వెళ్ళట్లేదా?" అని అడిగింది.

"లేదమ్మా. ఒక పెద్దమ్మ ఇంటికి."

"అక్కడే పడుకుంటామా?"

"పడుకుంటాం. బట్టలు రేపు కొనుక్కుందాంలే, నీవేమీ తేలేదు."

"నా దగ్గరున్నాయిగా," అంది పాప. రోడ్డు పక్కన ఆగి బ్యాగు జిప్పు తీసి చూపించింది. లెక్కల పుస్తకం కింద ఒక గౌను, రెండు చెడ్డీలు, పళ్ళు తోముకునే బ్రష్షు, చక్కగా మడతపెట్టి ఉన్నాయి. "రోజూ తెచ్చుకుంటానమ్మా. నువ్వు ఎప్పుడు వస్తావో తెలీదుగా."