కడుపు కాదు

భానుశ్రీకి నేను మూడుసార్లు గర్భపరీక్ష చేశాను. మూడుసార్లూ ఒక్క గీతే వచ్చింది. అయినా ఆ పిల్లని ఇంటికి పంపేశాం.

అప్పుడు నేను అనంతగిరి వైపు ఒక గిరిజన బాలికల హాస్టల్లో నర్సుని. భానుశ్రీ తొమ్మిదో తరగతి, వాలీబాల్ బాగా ఆడేది. దసరా సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. పొట్ట ముందుకొచ్చింది. నాలుగు నెలలుగా బయట చేరలేదు. కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి, గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి, గోడ పట్టుకుంటే గాని మెట్లెక్కలేకపోయేది. ఇవన్నీ చూశాను. చూసి కూడా పొట్ట గురించే ఆలోచించాను.

"నానేటీ సెయ్యలేదు సిస్టర్," అంది.

"కిట్లని నమ్మకండి మాధవీ. రేపేదైనా అయితే పేపర్లో మన పేర్లే పడతాయి," అన్నారు వార్డెన్. అనారోగ్యం అని రాసి పంపించాం. వాళ్లమ్మ సోములమ్మ వచ్చి పెట్టె నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లింది.

మార్చిలో ఆరోగ్య శిబిరంలో బీపీ పరీక్షలు చెయ్యడానికి వాళ్ల ఊరు వెళ్లాను. కడుపేనని జనం వేళ్ల మీద లెక్కపెట్టుకున్న నెలలు దాటిపోయాయి. ఎక్కడో తీయించేశారని చెప్పుకుంటున్నారు. కాఫీ పళ్లు కోసేటప్పుడు ఆ తల్లీకూతుళ్ల పక్కన ఎవరూ నిలబడలేదట.

భానుశ్రీ బీపీ నూట డెబ్బై. మిషన్ తప్పనుకుని మళ్లీ చూశాను. అంతే ఉంది. పొట్ట చూపించమంటే భయపడుతూ జాకెట్టు పైకి లాగింది. వేలెడు వెడల్పున ఊదారంగు చారలు. మర్నాడే వాళ్లిద్దరినీ విశాఖపట్నం తీసుకెళ్లాను.

హార్మోన్ల డాక్టరమ్మ మొదట మందుల గురించే అడిగారు. నొప్పుల మాత్రలా, ఉబ్బసం మందులా, సంతలో కొన్న పొడులా?

సోములమ్మ ఏడ్చేసింది. "ఆకు పసరు నానే పోసినానమ్మా. నానే సెడగొట్టీసినానా?"

"ఎప్పుడు పోశావు? ముఖం ఉబ్బక ముందా, తరవాతా?"

"తరవాతే."

"అయితే నీవల్ల కాదమ్మా."

కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో ఎక్కువైతే ఇలా అవుతుందని చెప్పారు. నిజంగా ఎక్కువుందో లేదో ముందు తేల్చాలి. ఆ తరవాత ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. ఒక రోజంతా పోసిన ఉచ్చని క్యానులో పట్టించారు. పడుకోబోయే ముందు ఒక మాత్ర వేసి పొద్దున్నే రక్తం తీశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆ మాత్రతో కార్టిసాల్ పడిపోతుందట. ఈ పిల్లకి పడలేదు.

"ఈ హార్మోను తయారుచెయ్యమని మెదడు కింద ఉన్న చిన్న గ్రంథి ఆజ్ఞ ఇస్తుంది. ఆజ్ఞ ఎక్కువగా ఉంటే తప్పు అక్కడో ఇంకెక్కడో వెతకాలి. ఈ పిల్ల రక్తంలో అసలు ఆజ్ఞే లేదు. అంటే మూత్రపిండం మీదుండే గ్రంథి తనంతట తనే తయారుచేసేస్తోంది," అన్నారు.

స్కానులో ఎడమ మూత్రపిండం మీద బత్తాయంత గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీశారు. అది క్యాన్సర్. కాలేయానికి కూడా పాకింది, అక్కడ రెండు మచ్చలున్నాయి.

"దసరాకే తీసుకొచ్చుంటే?" అని అడిగాను.

డాక్టరమ్మ ఫైలు మూసేశారు. "చెప్పలేను. గడ్డ చిన్నదిగా ఉండేది," అన్నారు.

వార్డులో భానుశ్రీ నా చెయ్యి పట్టుకుంది. "సిస్టర్, కడుపు కాదని మా ఊర్లో సెప్తావా?"

వెళ్లి చెప్పాను. ఊరంతా కూర్చుని విన్నారు. అసిరమ్మ అనే ముసలావిడ మాత్రం అడిగింది, "మరి ఇది అప్పుడే ఎందుకు సెప్పలేదు?" తప్పు నాదేనన్నాను.

ఇప్పుడు భానుశ్రీ ముఖం సన్నబడింది, పొట్ట తగ్గింది. ఆడవాళ్లు మళ్లీ పనికి పిలుస్తున్నారు, గుంటకి నయమైపోయిందని సంతోషిస్తున్నారు. కాలేయంలో మచ్చలు పెరిగాయని మొన్న స్కానులో తేలింది. ఆ సంగతి సోములమ్మకీ నాకూ తెలుసు. భానుశ్రీకి ఎవరు చెప్పాలో మేమింకా తేల్చుకోలేదు.