దారి పొడుగునా చుట్టాలే

“వారం దినాలు సైకిల్ మీద తిరుగుతవా? మరి పొద్దుగాల పాలెవ్వలు కాస్తరు?” అని అడిగింది భారతమ్మ.

అత్తగారు ఆ మాట అడిగే వేళకు అంబిక పాలే కాస్తోంది. ఒక పొయ్యి మీద పాలు, రెండో దాని మీద పోపు, ఆ రెంటి మధ్యా ఉరుకుతూ భర్త చొక్కాకి ఇస్త్రీ. భారతమ్మ గొంతులో వెటకారం ఉంటే అంబికకి అంత బాధ ఉండేది కాదు. ఆమె నిజంగానే తెలియక అడిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో జ్వరమొచ్చినా, బడిలో పరీక్షలున్నా అంబికే కాచింది. ఆ పని ఇంకొకరు చేయొచ్చన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే, ఈ మధ్యదాకా అంబికకీ తట్టలేదు.

వాళ్లది కర్మన్‌ఘాట్‌లో పాత కుటుంబం. మామ రామచంద్రం దున్నిన పొలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి, కిరాయిలు వస్తాయి. భర్త రవితేజ అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ప్లాట్లు అమ్మిస్తాడు. ఏ ఊళ్లో గజం ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు, ఏ ఊళ్లో ఏ పంట పండుతుందో మాత్రం తెలియదు. అంబిక పుట్టింట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఆమే. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే, నాన్న పాత సైకిల్ కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కుకుంటూ పోయి చదువుకుంది. పెళ్లయ్యాక సైకిల్ ముట్టలేదు. కొడుకు సాత్విక్ గేర్ల సైకిల్ కావాలని అలిగి కొనిపించుకుని, నాలుగు రోజులు తొక్కి మేడ మీద పడేశాడు. దాని హ్యాండిల్ మీద ఇంటిల్లిపాదీ బట్టలు ఆరేస్తుండేవారు. ఒకరోజు అంబిక ఆ బట్టలు తీసి, దుమ్ము తుడిచి, గాలి కొట్టించింది. వెనక క్యారియర్ బిగించుకుంది. ఆదివారాలు ఎల్బీనగర్‌లో తెల్లారేసరికి చేరే గుంపులో కలిసింది. బ్యాంకులో రిటైరైన శేషారత్నం ఆ గుంపుకి పెద్ద. ఆమే ఈ వారం రోజుల యాత్ర పెట్టింది. హైవే దిగి, పొలాల మధ్య దారుల్లో తొక్కడం, దొరికింది వండుకోవడం, బడి వరండాల్లో పడుకోవడం.

అంబిక పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఉంది. ప్రిన్సిపాల్ పట్టాభి సెలవు చీటీ చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“వారమా? ఇంట్లో ఎవరికైనా సీరియస్సా అమ్మా?”

“లేదు సార్. సైకిల్ టూర్.”

“ఎవరు, మీ అబ్బాయా?”

“నేనే సార్.”

ఆయన సెలవు చీటీ మళ్లీ మొదటి నుంచి చదివాడు. చావుకీ, పెళ్లికీ, రోగానికీ తప్ప ఆడమనిషి సెలవు అడగడం ఆయన సర్వీసులో చూడలేదు. ఆమె పాఠాలన్నీ ముందే చెప్పేసి, నోట్సు దిద్దేసి ఉంది కాబట్టి కాదనడానికి ఆయనకి సాకు దొరకలేదు.

ఇంట్లో పంచాయితీ రెండు పూటలు నడిచింది. “గీ వయసుల సైకిలేంది? నవ్వుతరు” అన్నాడు రవితేజ. చివరికి రామచంద్రం గొంతు సవరించుకున్నాడు.

“పోనీ. ఒద్దంటలేను. కాని మనింటి కోడలు బడి వరండల పండుడేంది, బిచ్చగాళ్ల లెక్క! ఆ తొవ్వల మనోళ్లు లేని ఊరున్నదా? పొద్దుకుంగంగనే మనోళ్లింటికి పోవాలె, తెల్లారినంక మళ్ల తొక్కుకోవాలె. నేను ఫోన్లు జేస్త.”

“సూషినవా, నాయిన ఎంత మంచోడో!” అన్నాడు రవితేజ.

అంబిక తలూపింది. అదే ఆమె చేసిన పొరపాటు. అనుమతి దొరికిందన్న సంబరంలో షరతు ఎంత బరువుందో చూసుకోలేదు.

మొదటి రోజు హైవే దిగగానే ఆమెకి ఊపిరి కొత్తగా ఆడింది. కోతలైన కాలం. రోడ్డుకి సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, మిగిలిన సగంలో సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి. పత్తి చేలల్లో నడుముకి సంచులు కట్టుకున్న ఆడవాళ్లు తలెత్తి చూసి, “యాడికి పోతున్నరక్కా?” అని కేకేశారు. “ఊకెనే!” అని తిరిగి కేకేసింది అంబిక. ఊరికే ఎక్కడికైనా పోవడం ఆమె జీవితంలో అదే మొదలు. మధ్యాహ్నం తిన్నాక అలవాటుకొద్దీ అందరి పళ్లేలూ పోగేసి కడగబోయింది.

“అక్కడ పెట్టమ్మాయ్” అంది శేషారత్నం, గుంపులోని ఒక పెద్దాయన వైపు చూపిస్తూ. “భానుమూర్తి గారికి చేతులున్నాయి.”

“ఉన్నాయండీ, రిటైరయ్యాక మా ఆవిడ చెబితే తెలిసింది” అంటూ ఆయన తన పళ్లెం తను తోముకున్నాడు. అందరూ నవ్వారు. అంబిక చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాటిని ఏం చేయాలో ఆమెకి తెలియలేదు.

సాయంత్రం గుంపు బడి వైపు తిరిగితే, ఆమె ఒక్కతే చౌటుప్పల్ పక్కన రవితేజ మేనత్త అండాలమ్మ ఇంటికి తిరిగింది. అండాలమ్మ మంచిదే. వేడినీళ్లు పెట్టింది, “గింత నల్లగైతివేందే బిడ్డా!” అని చెంపలు నిమిరింది. ఆ తర్వాత, “కోడలొచ్చిందని మా పాలోళ్లు, సుట్టాలు జమైన్రు. జర నీ చేతితోని ఒడ్డించు” అంది. పొద్దంతా తొక్కిన కాళ్లతోనే అంబిక వంగి వంగి వడ్డించింది. తెల్లారి బొట్టు పెట్టకుండా, చీర పెట్టకుండా కదలనివ్వలేదు. “ఫస్టుసారి గడప తొక్కినవ్. ఒట్టి చేతుల తోలిస్తె మీ మామ నన్ను బతకనిస్తడా?” చీర, జాకెట్టు ముక్క, సకినాల డబ్బా. అన్నీ క్యారియర్ మీదకి ఎక్కాయి. ఆమె పోయేసరికి గుంపు ఎప్పుడో కదిలిపోయింది. శేషారత్నం ఒక్కతే ఎండలో టీ కొట్టు దగ్గర కూర్చుని ఉంది.

“ఇవాళకి ఆగానమ్మా. రోజూ ఆగితే మిగతావాళ్లకి కష్టం కదా” అంది మెత్తగా.

రెండో సాయంత్రం వలిగొండ దగ్గర రవితేజ పెదనాన్న కొడుకు ఇల్లు. మళ్లీ వడ్డన, మళ్లీ బొట్టు, ఇంకో చీర, ఈసారి పైన కొత్త బియ్యం మూట కూడా. తోటికోడలు అంబికని సైకిల్ పక్కన నిలబెట్టి ఫొటో తీసి ఇంటికి పంపింది. నిమిషంలో భారతమ్మ ఫోను: “ప్యాంటేస్కొని వాళ్ల గడప తొక్కినవా? ఇజ్జత్ తీస్తివి.”

ఆ మూట మోసుకుంటూ ఎత్తు ఎక్కుతుంటే అంబికకి విషయం తేటపడింది. తను కర్మన్‌ఘాట్ వదిలి రాలేదు. ఆ ఇల్లే, రోడ్డు మీద వడ్లు ఆరబోసినట్టు, ఊరూరా పరుచుకుని ఉంది. ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి పోవడానికే తను ఇంత చెమట కారుస్తోంది. అక్కడ బడి వరండాలో మిగతావాళ్లు కబుర్లు చెప్పుకుంటారు, పాడుకుంటారు, కాళ్లకి నూనె రాసుకుంటారు. తను మాత్రం ఎవరి ఇంట్లోనో నిలబడి, “ఇంకొంచెం ఎయ్యనా మామా?” అంటూ ఉంటుంది. ప్రేమగా పెట్టిన చీరని ఎలా కాదంటాం? ఆ ‘ఎలా కాదంటాం’ అన్న మాటతోనే కదా ఇన్నేళ్లూ గడిచాయి.

మూడో రోజు మధ్యాహ్నం రవితేజ ఫోన్ చేశాడు.

“కారు తీస్కొని రామస్వామి మామోళ్ల ఊరికొస్తున్న. మూడు దినాలు తిరిగినవ్ కద, ఇంక సాలు. ప్రణతికి దగ్గు లేషింది, అమ్మ పరేషాన్ అయితుంది.”

“దగ్గొస్తె దవాఖానకు తీస్కపోవాలె. కారు అటు తిప్పున్రి” అంది అంబిక. ఫోన్ పెట్టేసింది. వెంటనే కూతురికి చేసింది.

“దగ్గా? నాకేం లేదు మమ్మీ” అంది ప్రణతి. అంతలోనే గొంతు తగ్గించింది. “నువ్వు అడిగితె ఉందని చెప్పమన్నడు తాత. నువ్వు రాకు. అంటే... ఇప్పుడే రాకు.”

అంబిక ఫోన్ జేబులో వేసుకుంది. తర్వాత శేషారత్నం దగ్గరికి పోయింది. “మేడమ్, ఇవ్వాల్టి సంది నేను బడిలనే పండుకుంట. ఎవ్వరింటికీ పోను.”

“ఫోన్లో మీవాళ్లకి చెప్పావా?”

“వస్తున్నరు. ఎదురుంగనే చెప్త.”

ఊరి మొదట్లో దారి చీలే చోట కారు రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది. రవితేజ డిక్కీ తెరిచి నిలబడ్డాడు. పక్కన స్కూటీ మీద రామస్వామి, ఆయన భారతమ్మ తమ్ముడు.

“రా కోడలా, మీ అత్త కోడికూర వండింది. అందరు నీ కోసమే సూస్తున్నరు” అన్నాడాయన.

అంబిక సైకిల్ దిగి నమస్కారం పెట్టింది. మూటలు విప్పి ఆయన చేతికిచ్చింది. “ఇవి కార్ల పెట్టున్రి మామా. కూర ఆయన తింటడు. నేను బడికాడ పండుకుంటున్న. ఆదివారం ఇంటికొస్త.”

“ఇంటికొస్తవా?” రవితేజ గొంతు లేచింది. “నాయిన మాటకు ఒప్పుకొనే ఎల్లినవ్ కద!”

“ఒప్పుకున్న. తప్పు నాదే. ఇప్పుడు ఒప్పుకుంటలేను.”

“నలుగురు ఏమనుకుంటరో జర సోంచాయించినవా?”

“ఇన్నేండ్లు అదే సోంచాయించిన. నా బిడ్డతోని అబద్ధం చెప్పిస్తున్నరు, గది మీరు సోంచాయించున్రి.”

 రవితేజ ముందుకొచ్చి సైకిల్ వెనక క్యారియర్ గట్టిగా పట్టుకున్నాడు. దూరంగా గుంపు ఆగి చూస్తోంది. ఎవరూ దగ్గరికి రాలేదు. శేషారత్నం కూడా రాలేదు, అందుకు అంబిక మనసులోనే ఆమెకి దండం పెట్టుకుంది. ఆమె సీటు మీద కూర్చుని, పెడల్ మీద కాలు పెట్టి, వెనక్కి తిరగకుండానే అంది.

“పట్టుకుంటె పట్టుకోన్రి. నేనైతె తొక్కుతున్న. ఒదలకుంటె మీరే ఎన్కంగ ఉరకాలె.”