సడలించని తంబూరా

గంగాభవాని చనిపోయిన రోజు శనివారం. ఆ సాయంత్రం కచేరీ ఉంది. 1999 ఏప్రిల్. మధ్యాహ్నం నాలుగింటికి ఆమె హాల్లో చాప పరుచుకుని తంబూరా శ్రుతి చేసింది. ఆమె భర్త లక్ష్మణప్ప పక్క గదిలో తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నాలుగు తీగలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన నాదం వినిపించి, ఎర్ర కలం కింద పెట్టి ఒక నిమిషం విన్నాడు. తర్వాత ఆమె తంబూరాను గోడకు ఆనించి, గుడ్డ కప్పి, గుమ్మంలోకి వచ్చింది.

"పది నిమిషాలు నడుము వాలుస్తాను. నాలుగున్నరకు లేపండి."

నాలుగున్నరకు లేపితే లేవలేదు.

డాక్టరు గుండె అన్నాడు. మూకండపల్లి మైదానంలో పరిచిన జమఖానాలు చుట్టేసి, కచేరీకి వచ్చినవాళ్ళంతా ఆ ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డారు.

వాళ్ళది పదకొండుమంది వాద్యబృందం. ఫ్యాక్టరీ పనివాళ్ళు, ఒక పోస్ట్‌మాస్టరు, ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగిని. ప్రతి ఏడూ శ్రీరామనవమి దాటాక ఆరు శనివారాలు, సాయంత్రం ఐదున్నరకు, మైదానంలో ఆకాశం కింద వాయించేవాళ్ళు. టిక్కెట్టు లేదు. వచ్చినవాళ్ళకు పానకం, వడపప్పు. లక్ష్మణప్ప ఫిడేలు ముందు వరసలో ఉండేది. గంగాభవాని అందరికంటే వెనక తంబూరాతో కూర్చునేది. ఫోటోల్లో ఆమె ముఖం సగమే పడేది.

అయినా బృందమంతా ఆమె చేతిలోనే ఉండేది. ఎండ తగ్గి గాలి చల్లబడేసరికి తీగలు జారుతాయి. ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య ఆమె తీగలు బిగించే బిరడాలు వెంట్రుకవాసి తిప్పి సరిచేసుకునేది. పదిమందీ వెనక్కి చెవి పెట్టి, తమ వాద్యాలను ఆమెకు కలుపుకునేవాళ్ళు. కచేరీ అయ్యాక చెప్పుల్లో కాళ్ళు పెట్టకముందే తీగలన్నీ సడలించేది. "మనిషి పడుకోబోతూ నడికట్టు వదులు చేసుకోడా? దీనికీ అంతే" అనేది.

ఆ శనివారం తీగలను ఎవరూ సడలించలేదు. పదకొండో రోజు, బంధువులంతా వెళ్ళిపోయాక, ఆ సంగతి లక్ష్మణప్పకు గుర్తొచ్చింది. వెళ్ళి బిరడా మీద చేయి వేశాడు. ఆమె వేళ్ళు ఎక్కడ ఆపాయో ఆ నాలుగు తీగలూ అక్కడే నిలబడి ఉన్నాయి. చేయి తీసేసి గుడ్డ కప్పాడు.

ముప్పై ఏళ్ళు ఫిడేలు వాయించినవాడు. బిగించిన తీగ ఎండాకాలంలో రెండు రోజులు కూడా శ్రుతి నిలపదని అతనికి తెలుసు. మీటితే ఆ సంగతి తేలిపోతుంది. అందుకే మీటలేదు.

మిగిలిన శనివారాలకు వెళ్ళలేదు. ఏడాది గడిచింది. బడికి పోయి వచ్చేవాడు. ఒక గ్లాసు బియ్యం రెండు పూటలకు వండుకునేవాడు. కాఫీకి రెండు లోటాలు తీసి, ఒకటి మళ్ళీ గూట్లో పెట్టేవాడు. ఫిడేలు పెట్టె మంచం కింద ఉండేది. ఊడ్చేటప్పుడు దాన్ని జరిపి, ఊడ్చి, మళ్ళీ లోపలికి తోసేవాడు.

మరుసటి ఏడు నవమి దగ్గరపడ్డాక నాగేశప్ప వచ్చాడు. బృందంలో మృదంగం అతనిది. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మిషను మీద పని.

"ఏం సారూ, తలుపు మూసుకోని లోపల మాగుతా ఉండారా?"

"రా అప్పా. కూర్చో."

"కూర్చోను. వస్తానని చెప్పేదాకా నిలబడే ఉంటా. పోయినేడు మీరు లేని కచేరీ బ్యాండుమేళం మాదిరి ఉండింది. మా ఆడామె సగంలోనే లేచి పోయింది. పాలు పొంగుతాయంట!"

లక్ష్మణప్ప నవ్వలేదు కానీ అతని ముఖం కొంచెం తేరుకుంది. "శ్రుతికి ఏం చేసినారు?"

"బెంగళూరులో కరెంటు శ్రుతిపెట్టె కొన్నాము. బో మంచిది సారూ. జలుబు చేయదు, అలగదు, కాఫీ అడగదు..."

నాగేశప్ప ఆగిపోయాడు. గంగాభవానికి కాఫీ పడనిదే కచేరీ మొదలుకాదని బృందమంతటికీ తెలుసు. మాట తప్పించడానికి అతను గోడవైపు నడిచి, గుడ్డ కొస ఎత్తి చూశాడు.

"ఏంది సారూ, తీగలు దించనే లేదా? ఏడాది ఇట్లే బిగించి పెడితే దండి వంగిపోతుందప్పా. ఇదో చూడండి, తీగలు మోసే గుర్రం కింద చెక్క లేస్తా ఉంది."

"ముట్టుకోవద్దు."

తన గొంతు అంత గట్టిగా వస్తుందని లక్ష్మణప్ప అనుకోలేదు. నాగేశప్ప గుడ్డ వదిలేశాడు.

"సరే. ముట్టుకోను. మీరన్నా రండి."

లక్ష్మణప్ప వెళ్ళాడు. మంచం కింది ఫిడేలు తీసి, తీగలు మార్చి, మూడు శనివారాలు వాయించాడు. శ్రుతిపెట్టె ఆమె కూర్చునే చోటే, ఒక స్టూలు మీద ఉండేది. చల్లగాలికి ఫిడేలు జారినా, నందిత వీణ జారినా, అది జారేది కాదు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కచేరీ అయ్యాక నాగేశప్ప వైరు పీకి దాన్ని సంచిలో వేసుకునేవాడు.

నందితది కెలమంగలం. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. బ్యాంకులో ఉద్యోగం. గంగాభవాని దగ్గరే సంగీతం నేర్చుకుంది. తంబూరా తీగల కింద, గుర్రం మీద ఒక దారప్పోగు పెడతారు. ఆ పోగు సరైన చోట నిలిస్తేనే నాదం విచ్చుకుంటుంది. వేరేవాళ్ళు నూలు వాడేవాళ్ళు. గంగాభవాని మాత్రం నందిత ఇంటి నుంచి తెచ్చే పట్టుపోగు పెట్టేది. ఈ ఏడాదిలో నందిత రెండుసార్లు కొత్త పోగు కాగితంలో చుట్టి తెచ్చింది. లక్ష్మణప్ప తీసుకుని బల్ల సొరుగులో పెట్టాడు.

నాలుగో శనివారం కల్యాణి రాగం మధ్యలో కరెంటు పోయింది. మైకు పోయింది. వెనకాల శ్రుతి ఒక్కసారిగా ఆగింది.

"కరెంటాయన కూడా మన బృందమే అనుకున్యాను. చెప్పకుండా లేచి పోయినాడే!" అన్నాడు నాగేశప్ప. జనం నవ్వి, జమఖానాలు ముందుకు లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. ఇంకా వెలుతురు ఉంది. బృందం మళ్ళీ ఎత్తుకుంది. కాసేపటికే వేణువు ఒకవైపు, వీణ ఒకవైపు లాగాయి. లక్ష్మణప్ప వాయిస్తూనే వెనక్కి చెవి పెట్టాడు. వెనక స్టూలు మీద పెట్టె ఉంది. నాదం లేదు.

అతను ఫిడేలు దించాడు. నందిత అతనివైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఎవరూ అడగలేదు.

"పది నిమిషాలు" అని లేచాడు లక్ష్మణప్ప.

ఇల్లు రెండు వీధుల అవతలే. తంబూరాను గుడ్డతోనే ఎత్తుకుని, సొరుగులోని కాగితం జేబులో వేసుకుని వచ్చాడు. వెనక వరసలో కూర్చుని గుడ్డ తీశాడు. మూడువందలమంది ఎదురుచూస్తున్నారు. మీటాడు.

నాలుగు తీగలూ నాలుగు దిక్కులకు పోయాయి. ముందు కూర్చున్న ఒక పిల్ల చెవులు మూసుకుంది.

అతను మళ్ళీ మీటలేదు. తంబూరాను నందిత ఒళ్ళో పెట్టాడు.

"తిప్పేదా సార్?" అంది ఆమె మెల్లగా. "అన్నీ సడలించి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాల."

"తిప్పమ్మా."

ఆమె బిరడాలను ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. తీగలు వదులై వేలాడాయి. లక్ష్మణప్ప ఫిడేలు మీద షడ్జం పట్టి నిలిపాడు. ఇన్నేళ్ళూ ఆ తంబూరాను విని ఫిడేలు కలుపుకున్నవాడు, ఇప్పుడు ఫిడేలు నుంచి దానికి శ్రుతి ఇస్తున్నాడు. షడ్జాలు రెండూ కలిశాయి. కింది షడ్జం కలిసింది. పంచమం ఎక్కిస్తుండగా తీగ టప్పున తెగింది.

"నేనే గట్టిగా తిప్పినాను సార్" అంది నందిత. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదమ్మా. నేనే ఏడాది బిగించి పెట్టినాను."

కాగితంలోని పట్టుపోగు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని మూడు తీగల కిందా జరిపింది. నాదం విచ్చుకుంది. మూడు తీగలతోనే కల్యాణి ముగించారు. ప్రతి మూడు మీటుల తర్వాత, నాలుగోది రావలసిన చోట నందిత వేలు ఒక క్షణం గాలిలో ఆగేది. ఆ ఖాళీని బృందంలో అందరూ విన్నారు. కరెంటు వచ్చినా నాగేశప్ప పెట్టె జోలికి పోలేదు.

ఇంటికి వచ్చాక లక్ష్మణప్ప చెప్పులు విప్పకుండానే మూడు తీగలూ సడలించాడు. గుడ్డ కప్పాడు.

ఐదో శనివారం, ఆరో శనివారం కూడా మూడు తీగలతోనే జరిగాయి. జూన్‌లో బడి తెరిచారు. నాగేశప్ప బెంగళూరు నుంచి కొత్త తీగ తెచ్చి ఇచ్చాడు. నందిత బ్యాంకు నుంచి పోతూ గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఈ ఆదివారం వచ్చి వేసేదా సార్?"

"చూద్దామమ్మా" అన్నాడు.

తీగ బల్ల సొరుగులో ఉంది. పంచమం ఇంకా వేయలేదు.