ముక్క జారిన ఆదివారం

వారమంతా మంచు కురిసి, ఆదివారం పొద్దున వెచ్చటి గాలి తిరిగింది. మా లోయలో ఆ గాలంటే అందరికీ దడే. కొండ మీది మంచు పట్టు వదిలేస్తుంది. కింది ఊరికి దారి అప్పటికే మూసుకుపోయింది.

ఇంట్లో మా అత్తగారు ఫిలొమేన్, నా భర్త బజీల్, మరిది ఎఫ్రెమ్, అతను పెళ్ళి చేసుకోబోయే ఒడిల్, నేను ఉన్నాం. ఒడిల్ పట్నం పిల్ల. మమ్మల్ని చూసిపోదామని వచ్చి మంచులో చిక్కుకుంది. మధ్యాహ్నం ఆమె దిగులు మొహం చూసి అత్తగారు ఫాండ్యూ చేయడానికి మట్టిపాత్ర దించారు. లోపలంతా వెల్లుల్లి రుద్ది, తెల్ల వైన్ పోసి, చీజ్ తురిమి వేసి, పొయ్యి మీద కరగనిచ్చారు.

"మీ పట్నంలో ఇది పార్టీల వంటకం కదమ్మా," అన్నారు కలుపుతూ. "మా అమ్మమ్మ వేరేగా చెప్పేది. దారులు మూసుకుపోయి, రాయిలాంటి చీజూ ఎండు రొట్టే మిగిలినప్పుడు పుట్టిందట. అందరూ ఒకే పాత్రలో ముంచుకు తింటుంటే భయం తెలియదట."

"భయమా? మా అమ్మకి కొండ దగ్గినా భయమే," ఎఫ్రెమ్ నవ్వాడు.

బల్ల మీద చిన్న మంటపై పాత్ర పెట్టుకుని, పొడుగాటి ఫోర్కులకు రొట్టెముక్కలు గుచ్చి ముంచుకు తింటున్నాం. ఒడిల్ కూడా నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూస్తూ ఎఫ్రెమ్ తన ముక్క పాత్రలో జార్చేశాడు.

"పడింది! పడింది!" బజీల్ బల్ల గుద్దాడు. "వెళ్ళు, సీసా పట్రా!"

ముక్క జార్చినవాళ్ళు వీధి అవతలి నేలమాళిగ నుంచి వైన్ తేవాలి. మా ఇంటి ఆనవాయితీ అది.

అత్తగారి నవ్వు ఆగిపోయింది. "ఇవాళ వద్దురా. ఆ పిల్లకో ముద్దు పెట్టు, చాలు."

"ముద్దు శిక్షెలా అవుతుందమ్మా?"

"శిక్ష ఆమెకేలే," అన్నాడు బజీల్. అందరం పకపకా నవ్వాం. ఆ నవ్వుల్లోనే ఎఫ్రెమ్ కోటు తగిలించుకున్నాడు.

"కూర్చోరా, ఎఫ్రెమ్."

"వీధి దాటడమే కదమ్మా."

తలుపు మూసుకుంది. కాసేపటికి పక్క కొట్టంలో ఆవులు అరుపు మానేశాయి, ఎవరో నోరు నొక్కినట్టు.

"ఏమైంది వాటికి?" అంది ఒడిల్.

"కలుపమ్మా, అడుగంటుతుంది," అంటూ అత్తగారు గరిటె ఆమె చేతికిచ్చారు.

అప్పుడు ఇంట్లోని గాలంతా ఎవరో పీల్చేసినట్టయింది. తర్వాత చప్పుడు. కిటికీ తెల్లబడింది. పాత్ర కింది మంట ఆరిపోయింది.

వెనక కిటికీలోంచి బయటపడ్డాం. వీధి లేదు. నేలమాళిగ ఉండాల్సిన చోట మంచు గుట్ట. మా ఊరివాళ్ళంతా పారలతో వచ్చారు. అత్తగారు మాత్రం లోపలికెళ్ళి మంట వెలిగించి, గడ్డకట్టిన చీజ్‌లో వైన్ పోసి మళ్ళీ కరిగించారు. తవ్వేవాళ్ళను వంతులవారీగా పిలిచారు.

"తినండి. మీ చేతుల్లో సత్తువ లేకపోతే నా కొడుకును ఎవరు తీస్తారు?"

చలికి వంకర్లుపోయిన వేళ్ళతో ఒకే పాత్రలో ముంచుకు తిన్నారు. నేనూ తిన్నాను. గొంతులో వెచ్చగా దిగింది, రుచిగా ఉంది. అలా ఉన్నందుకు సిగ్గేసింది.

చీకటి పడకముందే దొరికాడు. మాళిగ తలుపు వెనకే కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. లోపల గాలి చాలలేదంతే. ఒడిల్ అతని చేతులు రుద్దుతూనే ఉంది. "చాల్లే తల్లీ," అని అత్తగారు పట్టుకుంటే గానీ ఆపలేదు.

దారి తెరుచుకోగానే ఒడిల్ వెళ్ళిపోతుందనుకున్నాం. పెట్టె సర్దుకోలేదు. ఆ చలికాలమంతా అత్తగారి గదిలోనే పడుకుంది.