కల్ అంటే ఎప్పుడు?

ఎత్వా చచ్చిపోయాక తాగాడు. తాగించినవాడు సూపర్‌వైజరు వంశీ.

ఖలందర్ తన కళ్ళతో చూశాడు. రెంటచింతల దాటి మాచర్ల వైపు పోతుంటే రోడ్డు పక్కన నాపరాయి క్వారీ ఉంది. క్వారీ గేటుకు ఎదురుగా ఖలందర్ కిరాణా కొట్టు. మధ్యాహ్నం గేటు ముందు అంబులెన్సు వచ్చి ఆగింది. కూలీలు ఎత్వాను టార్పాలిన్‌లో మోసుకొచ్చి అందులో పడుకోబెట్టారు. క్రేన్ వైరు తెగి మీద బండ పడిన మనిషి. మొహం ఒక్కటే మిగిలింది. వంశీ కూలీలను అవతలికి తోలాడు. జేబులోంచి క్వార్టరు సీసా తీసి మూత తిప్పాడు. కొంచెం ఆ నోట్లో పోశాడు, మిగతాది చొక్కా మీద చల్లాడు. ఖాళీ సీసాను చచ్చినవాడి జేబులోనే దోపాడు. ఆ తరువాత రోడ్డు దాటి కొట్టుకొచ్చాడు.

"బాయ్, ఊదొత్తుల కట్ట ఒకటి ఇయ్యి."

ఖలందర్ కట్ట తీసిచ్చాడు. "ఏమైంది బాబూ?"

"తాగి గుంతలో పడ్డాడు. ఈ హిందోళ్ళ సంగతి నీకు తెలియందేముంది."

నిజమే, ఖలందర్‌కు తెలియంది లేదు. హిందోళ్ళని ఊరు పిలిచే ఈ హిందీ కూలీలు పల్నాడులో ఎట్లా పెరిగారో సర్కారుకు తెలియదు గానీ అతని అరలకు తెలుసు. మొదట మగవాళ్ళే వచ్చారు, జార్ఖండ్ నుంచీ ఒడిశా నుంచీ. అప్పుడు కొట్లో ఖైనీ, ఫోన్ రీఛార్జీ, అటుకులు ఉంటే సరిపోయేది. తరువాత ఒకడు ఆవనూనె అడిగాడు. మన వైపు ఆవనూనె ఎవడు తింటాడని ఖలందర్ నవ్వాడు, నవ్వుతూనే డబ్బా తెప్పించాడు. నూనె అడిగారంటే పొయ్యి వెలిగిందని లెక్క. పొయ్యి వెలిగిందంటే ఆడవాళ్ళు వచ్చారని లెక్క. వాళ్ళ వెనకే సింధూరం వచ్చింది, ఎర్రగాజులు వచ్చాయి, గ్రైప్ వాటరు వచ్చింది. ఆ పైన పలకలు తెప్పించాడు. అవి మాత్రం కదల్లేదు. పిల్లల్ని బడికి తీసుకుపోతే ఆధారు ఈ ఊరిది కాదన్నారు, తెలుగు రాదన్నారు. పిల్లలు బండల దుమ్ములోనే పెరుగుతున్నారు.

క్వారీ వెనక రేకుల గదుల వరస ఉంది. ఒక్కో గదిలో రెండు కాపురాలు, నడుమ చీర అడ్డం. రేషను ఇక్కడ రాదు, ఓటు ఇక్కడ లేదు. ఓటు లేని మనిషిని పలకరించే నాయకుడు పుట్టలేదు. క్వారీ యజమాని, వంశీ మేనమామ వెంకట్రామయ్య ఈ సరుకునే కోరి తెప్పించుకున్నాడు. విరిగితే పారేయవచ్చు, అడిగేవాడు ఉండడు, రైలెక్కి కొత్త సరుకు వస్తుంది. చదువుకున్న పిల్లలు దీన్ని వలస అంటారు. వ్యాపారి కళ్ళకు అది దొంగ బేరం.

నీళ్ళ ట్యాంకరు కావాలని ఆ జనం అడిగితే వెంకట్రామయ్య "కల్" అన్నాడు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కావాలంటే "కల్". తలకు హెల్మెట్లు కావాలంటే "కల్". ఆయనకు వచ్చిన హిందీ ఆ ఒక్క మాటే. రేపు అని దానర్థమని ఎవరో చెప్పారు. అంతకన్నా అక్కరలేదని ఆయన అక్కడే చదువు ఆపేశాడు.

ఇప్పుడు ఆయన ఎత్తు ఏమిటో ఖలందర్‌కు అంబులెన్సును చూడగానే అర్థమైంది. శవాన్ని నేరుగా జార్ఖండ్ తోలేస్తారు. ఎత్వా పెళ్ళాం ఫుల్మనీని కూడా అందులోనే ఎక్కిస్తారు. ఎత్వా పక్కన పనిచేసిన బంధన్‌ను తోడు పంపుతారు. పోస్టుమార్టం ఉండదు, కేసు ఉండదు. వైరు తెగిన సంగతి తెలిసిన మనిషి శవంతోపాటే సరిహద్దు దాటిపోతాడు.

ఖలందర్ కొట్టు నిలబడింది వెంకట్రామయ్య జాగాలో. నోరు మూసుకుంటే కొట్టు ఉంటుంది. తెరిస్తే ఉండదు. అతను తక్కెడ పళ్ళాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏందయ్యా, తూకం ఇంకా తేలలా?" అంది అతని భార్య మైమూనా.

"నువ్వూ చూశావా?"

"నాకు మాత్రం కళ్ళు లేవా? ఆ మనిషి మన దగ్గర ఆవనూనె సీసా తప్ప ఇంకో సీసా పట్టుకోలా. వాడి నోట్లో ఈడు సారా పోశాడు. నువ్వు ఊదొత్తులు అమ్మావు."

ఖలందర్ పళ్ళెం కింద పెట్టి రోడ్డు దాటాడు.

అప్పటికే ఫుల్మనీ అంబులెన్సు ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చుంది. ఏడవడం లేదు. ఆమెను చూసి గదుల్లోంచి ఒక్కొక్క ఆడమనిషీ వచ్చి పక్కన కూలబడింది. మగవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. మన ఊళ్ళ కూలీలు మాత్రం పాలిష్ షెడ్డు నీడలో దూరంగా ఉండిపోయారు.

"మీరు రారేంది?" అని అడిగాడు ఖలందర్.

"ఎందుకు రావాల బాయ్?" అన్నాడు క్రేన్ డ్రైవరు మౌలాలీ. మొహం తిప్పుకుని మాట్లాడుతున్నాడు. "ఈళ్ళు వచ్చినాకే గదా మన కూలి పడిపోయింది. మనం చేయం అన్న రేటుకు ఈళ్ళు చేశారు. అప్పుడు మనతో ఎవుడు కూర్చున్నాడు?"

"రేటు పడగొట్టింది ఈళ్ళా, అయ్యగారా?"

"ఒప్పుకుంది ఈళ్ళేగా."

బండలు లోడెత్తే వెంకటరమణమ్మ నోట్లోని పొగాకు ఉమ్మేసింది. "ఒరేయ్ మౌలాలీ, తిరిగి నా మొహం చూసి మాట్లాడు. ఆ క్రేను నీదేగా. ఆ వైరు నీ చేతికింద తెగిందేగా. కూలి సంగతి మళ్ళా చెబుదువు, ముందు దాని సంగతి చెప్పు."

మౌలాలీ చేతులు చంకల్లో దాచుకున్నాడు.

రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. దాంతో పోలీసు జీపు వచ్చింది, వెనకే వెంకట్రామయ్య కారు వచ్చింది. ఎస్‌ఐ దిగి, "లేపండి వీళ్ళను" అన్నాడు. జనం లేవలేదు. బంధన్ ముందుకొచ్చి చేతులు ఊపుతూ ఏదో చెప్పబోయాడు. ఎస్‌ఐకి ముక్క అర్థం కాలేదు.

"హిందీ వచ్చినోళ్ళు ఎవరున్నారు ఇక్కడ?"

"మన ఖలందర్ ఉన్నాడుగా," అన్నాడు వెంకట్రామయ్య. ఖలందర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, మన జాగాలోనే కొట్టు పెట్టుకున్నాడు. మనోడే. జాగర్తగా చెప్పు ఖలందరూ."

ఆ చెయ్యి బరువెంతో ఖలందర్‌కు తెలిసింది.

బంధన్ చెప్పాడు: "కల్ తార్ టూటా థా, సాబ్. హమ్ బోలే థే."

ఖలందర్ నోరు తెరిచేలోపే వంశీ అందుకున్నాడు. వాడికి భయం పట్టుకుంది, భయంలో తెలివి చూపించాలనుకున్నాడు.

"అదిగో సార్, ఆ మాటే. కల్ అన్నాడు. ఇయ్యాల పొద్దున వైరు పోగులు చూపించి, కల్ అని వీడే చెప్పాడు. మిషను మోతలో నాకు ఆ మాట బాగా వినపడింది. కల్ అంటే రేపు గదా సార్. రేపు తెగుద్దన్నాడు, ఇయ్యాల అనలేదుగా. అందుకే ఇయ్యాల ఒక్కరోజు నడిపిద్దాం, రేపు మారుద్దాం అనుకున్నా. నాదేముంది తప్పు?"

ఎస్‌ఐ తల ఎత్తాడు. "అంటే వైరు సంగతి నీకు ముందే చెప్పారన్న మాట."

వంశీ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెంకట్రామయ్య వాడి వైపు చూసిన చూపులో మేనల్లుడన్న ముచ్చట లేదు.

"ఇప్పుడు నా వంతు సార్," అన్నాడు ఖలందర్. భుజం మీది చెయ్యిని తీసి పక్కన పెట్టాడు. "కల్ అంటే రేపే. నిన్న కూడా కల్లే. రెండిటికీ మాట ఒకటే, పక్కన వచ్చే ముక్కను బట్టి తెలుసుకోవాల. ఈ మనిషి అన్న కల్ నిన్న. నిన్ననే వైరు పోగులు తెగినాయి, ఆ సంగతి చెప్పాం కూడా అంటున్నాడు. రేపు తెగుద్దని జోస్యం చెప్పలా. తెగిన వైరు కింద మనిషిని నిలబెట్టారు. ఇంకోటి కూడా చెబుతా రాసుకోండి. సచ్చినోడి నోట్లో సారా పోసింది ఈ వంశీ బాబే. నేను చూశా, నా భార్య చూసింది. సచ్చినోడి జేబులో సీసా ఉంది, తీసి చూడండి, వేలిముద్రలు ఎవరివో మీకే తెలుస్తది."

ఖలందర్ ఈ మాటలే హిందీలో ఆడవాళ్ళకు చెప్పాడు. ఫుల్మనీ ఒక్కతే లేచి వంశీ ముందుకెళ్ళి, వాడి మొహంలోకి చూస్తూ నిలబడింది. వంశీ చేతిలో ఊదొత్తుల కట్ట ఇంకా ఉంది. ఆమె దాన్ని లాక్కుని ముక్కలు ముక్కలుగా విరిచి వాడి కాళ్ళ మీద పోసింది.

"సరే, భాష తేడా వల్ల వచ్చింది ఇదంతా," అన్నాడు వెంకట్రామయ్య గొంతు తగ్గించి. "పాపం, ఎవరి తప్పూ కాదు. ముందు బండి పోనీండి. మిగతాది రేపు కూర్చుని మాట్లాడుకుందాం." ఆడవాళ్ళ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "కల్. కల్."

షెడ్డు నీడలోంచి వెంకటరమణమ్మ బయటికొచ్చింది.

"నిన్నా కల్లే, రేపూ కల్లేనంట, ఇన్నారా?" అంది మన కూలీలతో. "నిన్న ఆళ్ళ నెత్తిన పడ్డది, రేపు మన నెత్తిన పడుద్ది. అయ్యగారు రెండిటికీ ఒకటే మాట చెబుతాడు. ఏం మౌలాలీ, ఇంకా చంకల్లోనే పెట్టుకుంటావా చేతులు?"

మౌలాలీ చేతులు బయటికి తీశాడు. క్వారీలోకి నడిచాడు. కాసేపటికి క్రేన్ ఇంజను మోగింది. తెగిన వైరు వేలాడుతుండగానే క్రేనును గేటు దాటించి, అంబులెన్సుకు అడ్డంగా రోడ్డు మధ్యలో ఆపాడు. దిగి తాళం చెవిని ఫుల్మనీ చేతిలో పెట్టాడు.

"రాసుకోండి సార్," అన్నాడు ఎస్‌ఐతో. "నిన్న నేనూ చెప్పా. హిందీలో కాదు, తెలుగులోనే చెప్పా. నడపకపోతే ఇంటికి పొమ్మన్నాడు ఈ వంశీ. నేను నడిపా. ఎత్వా నా క్రేను కింద చచ్చాడు. ఈ అంబులెన్సు మాచర్ల పెద్దాసుపత్రికి పోద్ది, పోస్టుమార్టానికి. ఇంకెటూ పోదు."

షెడ్డు ఖాళీ అయింది. మన కూలీలంతా వచ్చి హిందోళ్ళ మధ్య కూర్చున్నారు. ఎవరు ఎవరో లారీ డ్రైవర్లకు తెలియలేదు. దుమ్ము కొట్టుకున్న మొహాలన్నీ ఒకే రంగులో ఉన్నాయి.

పొద్దు వాలే లోపే కేసు రాశారు. సీసాను సంచిలో వేసి మూతి కట్టారు. వంశీని జీపెక్కించారు. వెంకట్రామయ్య ఎస్‌ఐని కారు చాటుకు పిలిచి మాట్లాడాక, రోడ్డు ఆపినందుకు ఖలందర్‌నూ మౌలాలీనీ కూడా ఎక్కించారు. క్రేనును పక్కకు తీశాక అంబులెన్సు మాచర్ల వైపు కదిలింది, జనం వెనక నడిచారు.

జీపు కదలబోతుండగా వెంకట్రామయ్య ఫుల్మనీ దగ్గరికి వచ్చాడు. లారీలు లోడు కోసం వరసగా నిలబడి ఉన్నాయి, ఆయన మనసు వాటి మీద ఉంది.

"సరేనమ్మా, మీరు అడిగింది అయింది. మరి పనిలోకి ఎప్పుడు? పని... ఎప్పుడు?"

ఫుల్మనీ ఆయన వైపు చూసింది.

"కల్," అంది.

పక్కనున్న ఆడమనిషి కూడా అంది, "కల్." బంధన్ అన్నాడు. వెంకటరమణమ్మ అంది. వరసంతా ఆ ఒక్క మాటే చెప్పుకుంటూ నడిచిపోయింది. వెంకట్రామయ్య మొహం తేటపడింది.

మరునాడు మైమూనా స్టేషనుకు అన్నం క్యారియరు తెచ్చింది.

"కొట్టు పీకేశారు," అంది కూర్చుంటూనే. "పీకుతారని నాకు తెలుసు. అందుకే ముందే సరుకంతా ఆ రేకుల గదుల్లోకి చేర్చాం. ఇప్పుడు ఏ గదికి పోయినా నీ కొట్టే."

ఖలందర్ ముద్ద కలుపుతూ, "పలకలు?" అన్నాడు.

"పిల్లలకు ఇచ్చేశా. వెంకటరమణమ్మ మనవరాలు ధరణి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తా ఉంది."

"క్వారీ?"

మైమూనా నవ్వింది. పెళ్ళయినాక ఆమె అంత కసిగా నవ్వడం అతను చూడలేదు.

"పొద్దున్నే గేటు తెరిపించి నిలబడ్డాడు అయ్యగారు. నీళ్ళ ట్యాంకరు కూడా తెప్పించాడు, ఇన్నాళ్ళకి. ఒక్కళ్ళు పోలా. మన ఊరోళ్ళు పోలా, హిందోళ్ళు పోలా. పక్క క్వారీలో కూడా మిషన్లు ఆగినాయంట. ఆఖరికి ఆయనే గదుల దగ్గరికి నడిచొచ్చాడు. రేపొస్తామని నిన్న చెప్పారుగా, కల్ అన్నారుగా అని మొత్తుకున్నాడు. ఫుల్మనీ ఏం చెప్పిందో నేనే తెలుగులో చెప్పా."

"ఏం చెప్పింది?"

"నీకు చేసే పని నిన్నటితో అయిపోయిందని చెప్పాం, నువ్వు రేపనుకున్నావు, అంది."