జోగమ్మ రాయించిన దరఖాస్తు

కొందరికి ఒక్కో మాట కలిసొస్తుంది. జోగమ్మకు కలిసొచ్చిన మాట బర్మా. అరవై అయిదులో మొగుడితో, ఇద్దరు పిల్లలతో రంగూన్ నుంచి ఓడలో వచ్చి విశాఖపట్నం రేవులో దిగి ఆ మాట చెప్పగానే బియ్యం ఇచ్చారు, రేకుల షెడ్డులో చోటు ఇచ్చారు. తర్వాత అదే మాటకు కంచరపాలెంలో ఇంటి స్థలం, మొగుడికి రేవులో పని వచ్చాయి. ఇక ఆవిడ ఆ మాట వదిలితే ఒట్టు. ఆస్పత్రిలో చీటీ రాయించుకునే చోటా, రేషన్ షాపు వరసలోనూ, ఎక్కడ నోరు విప్పినా ముందు "బర్మావోల్లం బావూ" అనేది. కాందిశీకులకిచ్చిన సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బిస్కట్ల డబ్బాలో దాచుకుని, అడగనివాళ్లకి కూడా తీసి చూపించేది.

ముప్ఫై నాలుగేళ్ల తర్వాత ఆ మాటే ఆవిడ చెల్లెలి కూతురి కొంప ముంచింది. ముసలమ్మను నిలబెట్టి తిట్టాలనిపిస్తుంది. కానీ ఆవిడ చేసిందంతా ప్రేమతోనే. అదే వచ్చిన చిక్కు.

చెల్లెలి కూతురు సూర్యకళ కూర్మన్నపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. మొగుడు వెంకటేష్ స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద వెల్డింగు పని చేస్తాడు. కూతురు నీలిమ మూడో క్లాసు. ఆగస్టు నెల, ఒక సోమవారం మధ్యాహ్నం సూర్యకళ కుళాయి దగ్గర బట్టలు జాడిస్తుంటే, హోంగార్డు ఒకడు సైకిల్ దిగి, పేరు అడిగి, సంతకం పెట్టించుకుని, కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు.

సూర్యకళకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవటం అంతంతమాత్రం. చదువుకున్నది మౌల్మీన్‌లో, బర్మా బడిలో. కాగితం మీద ముద్ర చూసేసరికి బట్టలు అక్కడే వదిలేసి గదిలోకి పోయింది. సాయంత్రం వెంకటేష్ వచ్చి, చెయ్యి కడుక్కోకుండానే చదివాడు. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏటుందయ్యా? బేగి సెప్పు," అంది సూర్యకళ.

"గురువారం పదకొండింటికి పోలీసాఫీసుకి రమ్మంతన్నారు. నువ్వు ఇండియా మనిషివేనని రుజువు సూపించాలంట. నేకపోతే..." అని ఆగిపోయాడు.

"నేకపోతే?"

"పంపించేస్తారంట."

సూర్యకళ అక్కడే చతికిలబడింది. పదేళ్లుగా ఆమె ఈ భయంతోనే బతికింది. బర్మాలో గొడవలు చెలరేగాక, తల్లీ తండ్రీ పోయాక, ఎనభై తొమ్మిదిలో ఎవరో సరుకుల వ్యాపారుల వెంట నడిచి, వంతెన దాటి మణిపూర్లో అడుగుపెట్టింది. అక్కణ్ణించి ఏ రైళ్లెక్కిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఓడల్లో వచ్చినవాళ్లకి సర్టిఫికెట్లు ఇచ్చిన కాలం ఎప్పుడో పోయింది. పెళ్లయ్యాక వెంకటేష్ రాయించిన ఓటరు కార్డు తప్ప ఆమెకు ఏ కాగితమూ లేదు. అక్కడా లేదు, అది వేరే సంగతి. అక్కడ మూడు తరాలున్నా వీళ్లని పరాయివాళ్లనే అనేవారు. పంపిస్తే ఏ గుమ్మం ముందు దించుతారో దేవుడికే తెలియాలి.

ఎవరు చెప్పారు పోలీసులకి? ఇరుగుపొరుగు ఎవరికీ తెలియదు. భీమిలి పిల్లననే అందరికీ చెప్పింది. ఆ రాత్రే వెంకటేష్ సైకిల్ మీద కంచరపాలెం వెళ్లాడు. జోగమ్మ సంగతి విని చప్పట్లు చరిచినంత పని చేసింది.

"పిలుపు ఒచ్చీసిందా! నాను సెప్పనేదేటి? బర్మావోల్లకి ఇళ్ల స్థలాలు ఇస్తన్నారంటే, కళ పేరు మీద నానే దరఖాస్తు పెట్టినాను బాబూ. అంతా వివరంగా రాయించినాను. ఏ సంవత్సరం వొచ్చింది, ఎలగొచ్చింది, ఏదీ వొగ్గనేదు!"

ఆవిడ ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంది. అప్పటికే కొత్త చీర చుట్టేసుకుంది, పక్కింటివాళ్లకి చెప్పడానికి బయల్దేరుతోంది. వెంకటేష్ అరిచేశాడు. ఏం అరిచాడో అతనికే తెలియదు. చివరికి ఆవిడకి అర్థమైంది ఒక్కటే, ఏదో తప్పు జరిగిందని. అయినా డబ్బా తీసి చంకలో పెట్టుకుంది. "నాను వస్తాను కదా, సర్టిఫికెట్టు సూపిస్తాను. బర్మా అంటే ఆల్లెవులూ కాదనరు," అంది.

మంగళ, బుధ. ఆ రెండు రోజులూ సూర్యకళకి రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. వీధి తలుపు మూసి, మళ్లీ మూసి ఉంటే అనుమానం వస్తుందేమోనని తెరిచేది. నీలిమని బడికి పంపించలేదు. పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసుకోవడం నేర్పింది. మూడు పాయలు, ఇలా, ఇటు తిప్పు. పిల్లకి చేతులు అందలేదు. స్టవ్ వెలిగించడం నేర్పింది. ఎసరు ఎంత పొయ్యాలో వేలు ముంచి చూపించింది.

"నాకెందుకమ్మా? నువ్వు సెయ్యవేటి?" అంది నీలిమ.

"పెద్దదానివైపోతన్నావు కదే," అంది సూర్యకళ. లేచి వెనక్కి వెళ్లి, తొట్టి పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెప్పొద్దూ, ఆ ఏడుపు పిల్లకి వినబడనే వినబడింది.

గురువారం బస్సు గాజువాక దాటి కంచరపాలెంలో ఆగితే జోగమ్మ ఎక్కింది. డబ్బా చంకలోనే ఉంది. మద్దిలపాలెంలో దిగి ఆటోలో పోలీసాఫీసుకి వెళ్లారు. నీలిమని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, కదలొద్దని ఒట్టు వేయించుకుని, ముగ్గురూ లోపలికి వెళ్లారు.

సబ్ ఇన్‌స్పెక్టరు శ్రీరామ్మూర్తి కేకలు వేసే మనిషి కాదు. అదే సూర్యకళని ఇంకా భయపెట్టింది. కుర్చీలు చూపించాడు. ఫైలు తెరిచాడు. దరఖాస్తు పైకి చదివాడు. "పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో మణిపూర్ మీదుగా కాలినడకన వచ్చిన నా చెల్లెలి కూతురు..." అని ఆగి, "ఇది మీరు రాయించిందేనా?" అన్నాడు.

"నానే బావూ," అంది జోగమ్మ, డబ్బా మూత తీస్తూ. "బర్మావోల్లం. ఇదిగో, అన్నీ ఉన్నాయి."

ఆయన సర్టిఫికెట్‌ని రెండు వైపులా చూశాడు. "ఇది మీకు. మీ ఆయనకి, మీ పిల్లలిద్దరికి. ఈ అమ్మాయి పేరు ఇందులో లేదు. పాస్‌పోర్టు ఉందా? వీసా?"

"నడిసొచ్చింది కదా బావూ."

"అయితే విదేశీయురాలు. హైదరాబాదు రాస్తాం. ఆర్డరు వచ్చేదాకా ఇక్కడ ఉంచుతాం. తర్వాత సరిహద్దు దాకా తీసుకెళ్లి దాటిస్తారు."

వెంకటేష్ లేచి నిలబడ్డాడు. "మా పాప సార్? ఎనిమిదేళ్లు సార్."

"పాప ఇక్కడ పుట్టింది, నువ్వు ఇండియన్‌వి. పాప నీ దగ్గరే ఉంటుంది."

సూర్యకళ కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి నీలిమ కాళ్లు కనబడుతున్నాయి, నేలకి అందక ఊగుతూ. ఆ కాళ్లనే చూస్తూ కూర్చుంది.

బర్మా అన్నాక కూడా కుర్చీలోంచి కదలని ఆఫీసరుని జోగమ్మ చూడటం అదే మొదటిసారి. చేతిలో మూత కిందపడింది. దాన్ని తియ్యడానికి వంగి, అలాగే కొంచెంసేపు ఉండిపోయింది.

శ్రీరామ్మూర్తి కలం తీశాడు. "చూడండి. ఈ కాగితంలో రాసింది నిజమైతే ఈ అమ్మాయి వెళ్లాలి. అబద్ధమైతే, ప్రభుత్వాన్ని మోసం చేసినందుకు రాయించినవాళ్ల మీద కేసు. రెండిట్లో ఒకటి. నేను రాసుకోవాలి." అంటూ ముసలమ్మ వైపు చూశాడు. ఆ చూపు బెదిరింపో, దయో సూర్యకళకి అర్థం కాలేదు.

జోగమ్మ లేచి కూర్చుంది. పైట సర్దుకుంది.

"అబద్దం బావూ," అంది.

"పెద్ద..." అని సూర్యకళ అనబోయేలోగా వెంకటేష్ ఆమె చెయ్యి నొక్కాడు.

"ఈ గుంటకీ నాకూ ఏ సమ్మందం నేదు," అంది జోగమ్మ, సూర్యకళని చూపించి, గడగడా, ఎప్పుడూ బర్మా గురించి చెప్పే వేగంతోనే. "నా కాడికి ఎండు సేపలు అమ్మడానికొచ్చీది. అమ్మా బాబూ నేరు, భీమిలి వైపు మనిషి. స్థలమొస్తే నానే తినీయొచ్చని ఆశ పడ్డాను. సెల్లి కూతురని రాయించీసినాను. నాకు సెల్లే నేదు. బర్మా ఈ గుంట కల్లో కూడా సూడనేదు."

శ్రీరామ్మూర్తి సూర్యకళ వైపు తిరిగాడు. "భీమిలిలో ఎక్కడ?"

సూర్యకళ భీమిలి జన్మలో ఒక్కసారే చూసింది. పెళ్లయిన ఏడాది బస్సులో వెళ్లింది. దారిలో బస్సు ఆగిన ఊరి బోర్డు వెంకటేష్ చదివి వినిపించిన పేరు ఒకటి ఎక్కణ్ణుంచో నోటికి వచ్చింది. "మంగమారిపేట సార్."

"అమ్మా నాన్నా?"

"లేరు సార్." అది నిజమే.

వెంకటేష్ రేషన్ కార్డూ, ఆమె ఓటరు కార్డూ బల్ల మీద పెట్టాడు. ఆయన చాలాసేపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది, కాగితాలు లేచిపోకుండా ఒక చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆఖరి ప్రశ్న," అన్నాడు. "ఈ ముసలమ్మ నీకేమవుతుంది?"

పదేళ్ల కిందట విశాఖపట్నంలో రైలు దిగిన రోజు సూర్యకళకి ఒళ్లంతా పుళ్లు. జోగమ్మే కుళాయి కింద కూర్చోబెట్టి, వేపాకు నీళ్లతో కడిగి, తన చీర కట్టింది. నీలిమ పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆ చేతులే. ఈ దేశంలో తన పుట్టింటి దిక్కని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మనిషి. ఆ మనిషి ఇప్పుడు గోడకేసి చూస్తోంది. చెప్పవే, చెప్పు, అన్నట్టు గడ్డం కొంచెం ఎగరేసింది.

"ఏమీ కాదు సార్," అంది సూర్యకళ.

"తెలుసా నీకు?"

"ఎండు చేపలు కొనేది సార్. అంతే."

రాసిన కాగితం ముందుకు తోశాడు. సూర్యకళ సంతకం పెట్టింది. తన పేరులో ఒక అక్షరం వంకర పోయింది. జోగమ్మ వేలిముద్ర వేసింది. సర్టిఫికెట్‌ని ఆయన ఫైల్లో కలిపి కుట్టేశాడు. ఆవిడ స్థలం పట్టా కూడా మళ్లీ విచారించాలన్నాడు. మీరిద్దరూ వెళ్లొచ్చు, అన్నాడు.

వరండాలోకి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకునేసరికి సూర్యకళకి ఊపిరాడింది. పోవాలి, ఇక్కణ్ణించి బేగి పోవాలి, ఇంకేం వద్దు. మెట్లు దిగుతుంటే వెనక తలుపు తెరుచుకుంది. ఆడ కానిస్టేబులు జోగమ్మను జబ్బ పట్టుకుని కోర్టుకు తీసుకెళ్లే జీపు వైపు నడిపిస్తోంది. చంకలో డబ్బా లేదు. ఆ చంక ఖాళీగా ఉండటం వల్లో ఏమో ఆవిడ ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది.

"అమ్మమ్మా!" అని అరిచింది నీలిమ. "అమ్మమ్మా, ఎక్కడికెల్తన్నావు?"

సూర్యకళ పిల్ల నోరు నొక్కేసింది. గట్టిగా, రెండు చేతులా.

కానిస్టేబులు ఆగి వెనక్కి తిరిగింది. "ఏటి, పాప నిన్ను అమ్మమ్మంతంది?"

"ముసిల్దాన్ని కదమ్మా," అంది జోగమ్మ, తల తిప్పకుండా. "ఏ గుంటైనా అలగే పిలుస్తాది. పద, ఎండగా ఉంది."

జీపు స్టార్టయింది. నీలిమ గింజుకుంటూ తల్లి అరచేతిని కొరికింది. పళ్లు దిగబడ్డాయి. జీపు గేటు దాటి కనబడకుండా పోయేదాకా సూర్యకళ చెయ్యి తియ్యలేదు.